నాలుగో గది గాలి

పొగమ్మాయి నాలుగో గది తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. చేతిలో చిన్న గాజుగొట్టం, దాని మూతి నుంచి దారంలా సన్నటి తెల్లని పొగ. ఆ పొగ తలుపు కింది సందులోంచి గది లోపలికి పోవాలి. అంటుజబ్బు మనుషులను ఉంచే గది అది. అందులోని గాలిని డాబా మీది ఫ్యాను లాక్కుని ఆకాశంలోకి వదలాలే తప్ప, మనుషులు తిరిగే వరండాలోకి ఒక్క ఊపిరి కూడా రాకూడదు. కానీ వచ్చింది. పొగ సందు దాకా వెళ్ళి, ఎవరో తోసినట్టు వెనక్కి మళ్ళి, ఆమె ముఖం మీదికే వచ్చింది.

మూడో అంతస్తు వార్డులో ముగ్గురికి మందులకు లొంగని క్షయ ఎలా అంటుకుందో తేల్చమని ఆసుపత్రివాళ్ళు ఆమెను పిలిపించారు. మొదట వార్డు ఆయా. తర్వాత కాలు విరిగి చేరిన లారీ డ్రైవరు. ఆఖరున చిన్న నర్సు. ఆయా, డ్రైవరు గుప్పెడేసి మాత్రలు మింగుతూ ఇంకా ఉన్నారు. చిన్న నర్సు పోయి ఆ రోజుకు ఇరవై రెండు రోజులు.

మనిషికి జబ్బు చేస్తే డాక్టరు వస్తాడు. భవనానికి జబ్బు చేస్తే ఆమె వస్తుంది. గోడకు చెమ్మ ఎక్కడినుంచి దిగుతోంది, వేడి ఏ సందులోంచి జారిపోతోంది, ఏ గది గాలి ఏ గదిలోకి పోతోంది అని కొలిచి చెప్పడం పదమూడేళ్ళుగా ఆమె వృత్తి. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషిని పట్టుకుని పొగమ్మాయి అని పేరు పెట్టింది వార్డులోని పెద్ద నర్సమ్మ. ఇంట్లోనూ ఆవిడ ఆమెను "అమ్మాయ్" అనే పిలుస్తుంది. పెద్ద నర్సమ్మ ఆమెకు అత్తగారు. ఆ సంగతి సూపరింటెండెంటుకు మొదటే తెలుసు. "మరీ మంచిది, మన ఇంటి మనిషే" అన్నాడు అప్పుడు.

పొగ ముఖం మీదికి వచ్చిన మర్నాడు నాలుగో గదిలోని రోగిని వేరే చోటికి మార్పించింది. పొద్దున తొమ్మిదింటికి ఫిట్టర్ నిచ్చెన తెచ్చి గోడకు ఆనించాడు. బయట ముసురు పట్టి ఉంది. కిటికీ అద్దం మీద నీళ్ళు జారుతుంటే గది అంతా బూడిద నీళ్ళలో ముంచినట్టు ఉంది.

గదిలో రెండు జాలీలు. మంచం తలవైపు ఉన్నది గాలి వచ్చే జాలీ. బాత్రూం తలుపు మీద ఉన్నది గాలి పోయే జాలీ. నాలుగు గదుల నుంచీ పోయే గాలికి డాబా మీద ఒకటే ఫ్యాను. ఆమె పోయే జాలీ మరలు విప్పి, దాన్ని ఫిట్టర్ చేతికిచ్చి, టార్చి వేసి చూసింది.

లోపల గొట్టం కనిపించలేదు. గొట్టం మూతికి అడ్డంగా అట్ట ఉంది. చేతి తొడుగుల డబ్బా చింపి, కొలత పెట్టి కత్తిరించి, నాలుగు వైపులా తెల్లటి ప్లాస్టరుతో అతికించిన అట్ట. ప్లాస్టరు ఎక్కడా వంకర పోలేదు. ఎంత శ్రద్ధగా అతికించారంటే, గాయానికి కట్టు కట్టినట్టుంది.

"ఓరి దేవుడా," అన్నాడు ఫిట్టర్ కిందనుంచి. "ఇది ఎవరి పని అమ్మా?"

ఆమె అట్టను మెల్లగా ఊడదీసి వెనక్కి తిప్పింది. మూలన పెన్సిలుతో ఒక తేదీ. ఆరు నెలల కిందటి తేదీ. కుడివైపుకు ఒరిగిన అంకెలు, తోక పొడుగ్గా లాగిన తొమ్మిది. ఇంట్లో ఏ మందు సీసా మూత తీసినా, ఏ డబ్బా తెరిచినా దానిమీద ఆ రోజు తేదీ అలాగే పడుతుంది. పదకొండేళ్ళుగా ఆమె ఆ తొమ్మిదిని చూస్తూనే ఉంది.

"తెలియదు," అంది.

అబద్ధం అంత సులువుగా వస్తుందని ఆమె అనుకోలేదు. అట్టను పెద్ద కవరులో పెట్టి, నిచ్చెన దిగి, "నేను వచ్చేదాకా జాలీ బిగించకు" అని చెప్పి బయటికి నడిచింది.

*

అత్తగారు దుప్పట్ల గదిలో ఉంది. కిటికీ లేని గది, నేలనుంచి కప్పుదాకా అరలు, సబ్బు వాసన. ఉతికి వచ్చిన దుప్పట్లను ఒక్కొక్కటీ దీపానికి ఎత్తి చిరుగులు చూస్తోంది. కోడలు గుమ్మంలో నిలబడగానే తలెత్తింది. ముందు ఆమె ముఖం చూసింది, తర్వాత కవరు చూసింది.

"తలుపు వెయ్యి అమ్మాయ్."

కోడలు తలుపు వేసి, అట్ట తీసి దుప్పట్ల మీద పెట్టింది.

"నేనే," అంది అత్తగారు, అడక్కుండానే. చేతిలోని దుప్పటిని నాలుగు మడతలు పెట్టి అరలో సర్ది అప్పుడు స్టూలు మీద కూర్చుంది. "నీకు దొరకాలనే ఎదురుచూస్తున్నాను. నా అంతట నేను చెప్పడానికి నోరు రాలేదు."

"ఎందుకు పెట్టారు అత్తయ్యా?"

"ఆ జాలీ మూలిగేది. మామూలు చప్పుడు కాదు, గొడ్డు మూలిగినట్టు. అప్పుడు ఆ గదిలో ఒక బడిపంతులుండేవాడు, రిటైరైన మనిషి. ఆయనకు ఎలాగూ ఆట్టే రోజులు లేవు. ఆ చప్పుడుకు కన్ను మూతపడక సగమైపోయాడు. పోయేలోపు నాలుగు రాత్రులైనా నిద్రపోనివ్వు తల్లీ అన్నాడు." ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచింది. "మూడు ఉత్తరాలు రాశాను సూపరింటెండెంటుకి. చప్పుడు భరించలేకుండా ఉంది, మనిషిని పంపండి అని. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి చూస్తాం అన్నాడు. మూడోదానికి పిలిచి, మీరు రోగుల సంగతి చూడండి నర్సమ్మా, మిషన్ల సంగతి మేం చూస్తాం అన్నాడు. ఆ సాయంత్రమే స్టూలెక్కాను. ఆయన నిద్రపోయాడు. పొద్దున నా చెయ్యి రెండు చేతుల్తో పట్టుకున్నాడు."

"ఆయన పోయాక తీసేయొచ్చుగా." మాట అనుకున్నదానికన్నా పదునుగా వచ్చింది.

అత్తగారు నొచ్చుకోలేదు. "మర్చిపోయానని చెప్పొచ్చు. మర్చిపోలేదు. ఆయన తర్వాత వచ్చినామె, ఈ గది ఎంత ప్రశాంతంగా ఉందో అంది. సరే ఉండనీ అనుకున్నాను. గదిలోకి వెళ్ళినప్పుడల్లా అటు చూసేదాన్ని. చూసి, చప్పుడు లేదు, హాయిగా ఉంది అనుకునేదాన్ని. ముప్పై నాలుగేళ్ళు ఈ పని చేశాను. గాలి ఆగుతుందన్న ముక్క నా బుర్రకు తట్టలేదు."

"ఎప్పుడు తట్టింది?"

"పోయినవారం భోజనాల దగ్గర మీ ఆయనకు చెబుతున్నావు చూడు. ఆ గది లోపలికి పీల్చుకుంటే అందరికీ రక్ష, బయటికి ఊదితే అందరికీ విషం అని. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నువ్వు చూశావు కూడా. ఒంట్లో బాగాలేదా అత్తయ్యా అని అడిగావు."

అడిగింది. పని ఎక్కువైందేమో అని తనే సమాధానం కూడా చెప్పుకుంది.

గోడ అవతల ఎవరో బకెట్టు ఈడ్చుకుంటూ పోతున్నారు. అత్తగారు అట్ట మీది ప్లాస్టరు అంచును వేలితో నిమురుతోంది.

"పిచుక ఎక్కడ కూర్చునేదో తెలుసా?" అంది. చిన్న నర్సును ఆవిడ అలాగే పిలిచేది. ఎప్పుడూ ఏదో ఒకటి కిచకిచమంటూ ఉంటుందని పెట్టిన పేరు. "నాలుగో గది ఎదురుగా, వరండాలో. అక్కడ బల్ల వేయించింది నేనే. మూలన దీపం గుడ్డిగా ఉంది, రాసుకోవడానికి కళ్ళు లాగుతున్నాయి పెద్దమ్మా అంటే, ఇక్కడ వెలుతురు బాగుంటుందే అని నేనే బల్ల జరిపించాను. రోజుకు ఎనిమిది గంటలు ఆ తలుపుకు ఎదురుగా కూర్చుంది. పోయే ముందురోజు కూడా, నాకిది ఎలా వచ్చింది పెద్దమ్మా, మాస్కు ఎప్పుడూ తియ్యలేదే అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక తల దువ్వాను."

కోడలు ఆవిడ పక్కన నేలమీద చతికిలబడింది. అత్తగారి మోకాలి మీద చెయ్యి వేయబోయి ఆగిపోయింది. ఇప్పుడు తాను కోడలో, విచారణకు వచ్చిన మనిషో ఆమెకే తెలియలేదు.

"రిపోర్టులో రాయి అమ్మాయ్. ఉన్నదున్నట్టు రాయి. మన మనిషి అని ఒక్క అక్షరం తగ్గించావో, నీ చేతి మంచినీళ్ళు ముట్టను."

"ఇంకా కొలవలేదు అత్తయ్యా. అట్ట తీశాక గాలి ఎటు పోతోందో చూడాలి. చూడకుండా ఒక్క ముక్క రాయను."

"చూడటానికేముంది," అంది అత్తగారు లేస్తూ. "మూసినదాన్ని తెరిచావు. పోతుంది."

*

పోలేదు.

ఆమె నాలుగో గది తలుపు మూసి, కింది సందులోంచి సన్నటి రబ్బరు గొట్టం లోపలికి దూర్చి, రెండో కొసను మీటరుకు తగిలించింది. వరండాలో కన్నా గదిలో ఒత్తిడి తక్కువ ఉంటే అంకె ముందు మైనస్ గుర్తు పడుతుంది. అంటే గది పీల్చుకుంటోందని అర్థం. అట్ట ఉన్నప్పుడు మైనస్ లేకుండా మూడు చూపించిన మీటరు, అట్ట తీశాక ఒకటిన్నర చూపించింది. తగ్గింది, కానీ మైనస్ పడలేదు. గది ఇంకా బయటికే ఊదుతోంది.

మీటరు చెడిందేమోనని రెండోది తెచ్చింది. అదే అంకె. అప్పుడు మూడో గది తలుపు దగ్గరికి వెళ్ళింది. లోపల ఒక ముసలాయన దగ్గుతున్నాడు. ఆ గదికి అట్ట లేదు, ఆమె నిన్ననే చూసింది. గొట్టం దూర్చింది. ఒకటీ పాయింట్ ఏడు, మైనస్ లేకుండా. రెండో గదీ అంతే, ఒకటో గదీ అంతే.

ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. అట్ట ఉన్నది ఒక్క గదిలో. నాలుగు గదులూ బయటికి ఊదుతున్నాయి. అంటే జబ్బు జాలీలో లేదు, పైన ఉంది.

"డాబా తాళం ఉందా?" అని అడిగింది ఫిట్టర్‌ను.

ఫిట్టర్ జేబులు తడుముకున్నాడు. కావలసినదానికన్నా ఎక్కువసేపే తడుముకున్నట్టు ఆమెకు తర్వాత అనిపించింది.

పైన చినుకులు పడుతున్నాయి. ఫ్యాను ఒక రేకు పెట్టెలో ఉంది. పక్కన మోటారు, రెంటినీ కలుపుతూ బెల్టు. దగ్గరికి వెళ్ళేసరికి ఆ మూలుగు వినిపించింది. గొడ్డు మూలిగినట్టే ఉంది. రేకు మీద ఎర్ర రంగుతో ఒక బాణం గుర్తు, చక్రం ఎటు తిరగాలో చెబుతూ. బెల్టు కిందనున్న చక్రం అంత వేగంలో ఎటు తిరుగుతోందో కంటికి ఆనడం లేదు. ఆమె స్విచ్చి ఆపి, చక్రం నెమ్మదించేదాకా నిలబడింది. తిరుగుడు తగ్గి, ఆకులు విడివిడిగా కనపడి, ఆఖరు చుట్టు తిరిగి ఆగింది. బాణం కుడికి చూపిస్తోంది. చక్రం ఎడమకు తిరిగి ఆగింది.

మళ్ళీ స్విచ్చి వేసింది, మళ్ళీ ఆపింది. అదే.

"వెనక్కి తిరుగుతోంది," అంది.

"గాలి లాగుతూనే ఉంది కదమ్మా," అన్నాడు ఫిట్టర్. "జాలీకి కాగితం పెట్టి చూశాను అప్పుడు. అంటుకుంది."

"ఈ రకం ఫ్యాను వెనక్కి తిరిగినా గాలిని అటే తోస్తుంది. కాకపోతే తోయాల్సినదాంట్లో మూడో వంతు. కాగితం అంటుకోవడానికి ఆ మూడో వంతు చాలు. గది పీల్చుకోవడానికి చాలదు. అవతల జాలీ నుంచి గాలి మామూలుగా వస్తూనే ఉంటుంది, పోవడానికి దారి లేక తలుపు కిందనుంచి బయటపడుతుంది." ఆమె అతనివైపు తిరిగింది. "ఎప్పటినుంచి ఇలా?"

ఫిట్టర్ తడి రేకు మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఆ చెయ్యి ఎన్ని మరలు తిప్పిందో, వేళ్ళు గుండ్రంగా వంగిపోయి ఉన్నాయి.

"మోటారు కాలిపోయింది పోయినేడాది వానల్లో. పధ్నాలుగు నెలలైంది. ఎలక్ట్రీషియన్‌ను పిలుద్దాం సార్ అన్నాను. వాడొచ్చేదాకా ఆగడం ఎందుకు, నువ్వే బిగించెయ్ అన్నారు సూపరింటెండెంటు గారు. బిగించాను." రేకు మీది నీళ్ళను అరచేత్తో తుడిచాడు. "మూడు వైర్లు. అందులో ఏ రెండు తారుమారైనా వెనక్కే తిరుగుతుంది కదమ్మా?"

"అవును."

"తిరిగింది కదా చాలు అనుకున్నాను. బాణం చూడలేదు."

పధ్నాలుగు నెలలు. అత్తగారు అట్ట పెట్టింది ఆరు నెలల కిందట. ఆయాకు జబ్బు బయటపడింది పది నెలల కిందట. ఆమె మనసులో తేదీలు వాటంతటవే వరస కట్టాయి. జాలీ మూలగడం మొదలైంది మోటారు మారాకే. అత్తగారు రాసిన మూడు ఉత్తరాలూ చప్పుడు గురించి రాసినవే. ఫ్యానుకు జబ్బు చేసిందని మూడుసార్లు రాసిచ్చినట్టే. ఎవరూ పైకెక్కి చూడలేదు.

ఊపిరి కొంచెం ఆడింది. మళ్ళీ స్విచ్చి వేసి, చక్రం తిరుగుతుండగా ఫోనులో వీడియో తీసింది. నోటుబుక్కులో టైమూ అంకెలూ రాసుకుంది.

"దీన్ని ముట్టుకోకు. సూపరింటెండెంటు గారిని తీసుకొస్తాను. ఆయన కళ్ళతో చూడాలి."

"అప్పటిదాకా ఇలాగే తిరగనివ్వమంటారా?" అన్నాడు ఫిట్టర్. "కింద మూడు గదుల్లో మనుషులున్నారమ్మా. వరండాలో ఇంకో ఇరవై మంది. ఇది తెలిశాక కూడానా?"

ఆమె అప్పటికే మెట్ల తలుపు తెరిచింది. "అరగంట," అంది. "పధ్నాలుగు నెలలు తిరిగింది. ఇంకో అరగంట."

తన మాట తనకే నచ్చలేదు. అయినా దిగింది.

*

సూపరింటెండెంటు గదిలో అత్తగారు అప్పటికే కూర్చుని ఉంది.

బల్ల మీద ఒక కాగితం. కుడివైపుకు ఒరిగిన అక్షరాలు, కింద సంతకం, సంతకం కింద తేదీ. సూపరింటెండెంటు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, అరచేతుల్తో ముఖం రుద్దుకుంటున్నాడు. మూడు వారాలుగా పేపరువాళ్ళూ, చిన్న నర్సు తండ్రీ ఆయన తలుపు దగ్గరే కూర్చుంటున్నారు.

"రండి," అన్నాడు. "మీ అత్తగారు అంతా చెప్పారు. రాసి కూడా ఇచ్చారు. ఇంత పెద్ద మనసు ఎవరికుంటుంది చెప్పండి."

"కారణం అట్ట కాదు సార్. డాబా మీది ఫ్యాను వెనక్కి తిరుగుతోంది. మోటారు మార్చినప్పటినుంచీ అంతే. నాలుగు గదులూ బయటికే ఊదుతున్నాయి, అట్ట లేని గదులు కూడా."

అత్తగారు తల తిప్పి చూసింది. ఆ ముఖంలో ఏదో వెలుగు వస్తుందని కోడలు ఎదురుచూసింది. రాలేదు.

"ఎవరు చూశారు?" అన్నాడు సూపరింటెండెంటు.

"నేను చూశాను. కొలిచాను. ఇదిగో అంకెలు, ఇదిగో వీడియో."

ఆయన నోటుబుక్కు తీసుకుని రెండు పేజీలు తిప్పాడు. ఫోను దూరంగా పెట్టుకుని చూశాడు. సినిమాల్లో బండి చక్రాలు ఒక్కోసారి ముందుకు పోతూ వెనక్కి తిరిగినట్టు కనబడతాయి. ఆ వీడియోలోనూ చక్రం ఒక క్షణం ఎడమకు, ఇంకో క్షణం కుడికి తిరిగినట్టుంది.

"నాకు కుడికి తిరుగుతున్నట్టే ఉంది," అన్నాడు. ఆ మాటలో వెక్కిరింపు లేదు. "అంకెలు మీ చేత్తో రాసుకున్నవి. ఈవిడ మీ అత్తగారు. రేపు బయటివాళ్ళు అడిగితే నేనేం చెప్పను? సరే, ఒకటి చెప్పండి. అట్ట పొద్దున తొమ్మిదింటికి దొరికింది కదా. నాకు ఎందుకు చెప్పలేదు? ఫిట్టర్ అడిగితే ఎవరిదో తెలియదన్నారట."

ఆమె బల్ల మీది కాగితం వైపు చూసింది.

"తెలియదన్నావా?" అంది అత్తగారు మెల్లగా. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

"అన్నాను అత్తయ్యా. తప్పే. కానీ ఫ్యాను సంగతి అబద్ధం కాదు. ఆయాకు జబ్బు వచ్చేనాటికి మీరు అట్ట పెట్టనే లేదు. తేదీలు చూడండి."

"ఆయాకు సరే," అంది అత్తగారు. "పిచుక ఈ వార్డుకు వచ్చి ఏడు నెలలు. ఫ్యాను వెనక్కి తిరిగితే గాలి అసలు పోదా?"

అబద్ధం చెప్పడానికి ఇంకో అవకాశం. పొద్దున ఒకటి చెప్పింది, అది ఎక్కడికి తీసుకొచ్చిందో చూస్తూనే ఉంది.

"మూడో వంతు పోతుంది," అంది.

"ఆ మూడో వంతు మూసింది నేను."

సూపరింటెండెంటు కాగితాన్ని ఫైల్లో పెట్టబోయాడు. ఆమె చేత్తో అడ్డుపడింది.

"మీరు ఒక్కసారి వచ్చి చూడండి సార్. నాలుగో గది ఖాళీగా ఉంది, అట్ట లేదు. మీ ముందే కొలుస్తాను. మీటరు మీరే పట్టుకోండి. బయటికి ఊదుతుంటే నా మాట నిజమని ఒప్పుకోండి. లోపలికి పీల్చుకుంటుంటే తప్పంతా అట్టదేనని రాస్తాను."

ఆయన గోడ గడియారం చూశాడు. ఆమె దిగి వచ్చి ముప్పావుగంట దాటింది. "పదండి," అన్నాడు.

ముగ్గురూ వరండాలో నడిచారు. బల్ల దగ్గర ఇప్పుడు ఎవరూ కూర్చోవడం లేదు. దాన్ని గోడవైపు తిప్పేశారు. ఆమె మీటరును సూపరింటెండెంటు చేతికిచ్చి, తలుపు మూసి, వంగి రబ్బరు గొట్టం సందులోకి దూర్చింది. నిటారుగా లేవకముందే ఆయన గొంతు వినిపించింది.

"మైనస్ రెండూ పాయింట్ ఎనిమిది."

ఆమె మీటరు లాక్కున్నట్టే తీసుకుంది. మైనస్. అంకె వణకడం కూడా లేదు. గది నిమ్మళంగా గాలి పీల్చుకుంటోంది. మూడో గదికి పరుగెత్తింది. మైనస్. రెండో గది, మైనస్. అప్పుడు చెవులు రిక్కించింది. మూలుగు లేదు. కప్పు పైనుంచి సన్నగా, సాఫీగా, నూనె పోసినట్టు ఒక చప్పుడు. ఫ్యాను సరిగ్గా తిరుగుతోంది.

డాబా మెట్ల దగ్గర ఫిట్టర్ నిలబడి ఉన్నాడు. చొక్కా భుజాల మీద తడి. ఆమె అతన్ని చూసింది. అతను నేల చూశాడు.

"పైకి మళ్ళీ వెళ్ళావా?" అని అడిగింది.

"ఏమయ్యా, వెళ్ళావా?" అన్నాడు సూపరింటెండెంటు కూడా.

మూడో గదిలో ముసలాయన దగ్గు మొదలుపెట్టాడు. ఆ దగ్గు ఆగేదాకా ఫిట్టర్ ఆ తలుపు వైపే చూశాడు.

"లేదు సార్," అన్నాడు. "ఈ మెట్ల దగ్గరే ఉన్నాను."

అత్తగారు నెమ్మదిగా ముందుకు వచ్చి, కోడలి చేతిలోని మీటరులోకి చూసింది. ఆ గుర్తుకు అర్థమేమిటో ఆవిడకు తెలుసు. పోయినవారం భోజనాల దగ్గర విన్నది.

"చూశావా అమ్మాయ్," అంది. "తీసీ తియ్యగానే పీల్చుకుంటోంది."

"కాదు అత్తయ్యా. ఇప్పుడే ఎవరో వైర్లు మార్చారు. గంట కిందట ఇదే తలుపు బయటికి ఊదింది. నా కళ్ళతో చూశాను." సూపరింటెండెంటు వైపు తిరిగింది. "పది నిమిషాలు ఇవ్వండి సార్. పైకి వెళ్ళి రెండు వైర్లు మళ్ళీ పాత పద్ధతిలో తగిలిస్తాను. మీ ముందే ఇది బయటికి ఊదుతుంది. పధ్నాలుగు నెలలు ఎలా ఊదిందో మీరే చూస్తారు. చూశాక వెంటనే సరిచేస్తాను."

సూపరింటెండెంటు మీటరు వైపు మళ్ళీ చూశాడు. వద్దనలేదు. ఆమె ఫిట్టర్ ముందుకు వెళ్ళి చెయ్యి చాపింది. అతను తల ఎత్తకుండానే డాబా తాళంచెవి ఆ చేతిలో పెట్టాడు.

మొదటి మెట్టు మీద కాలు పెట్టబోయేసరికి ఎదురుగా అత్తగారు ఉంది. ఎప్పుడు వచ్చిందో వచ్చి, ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో గోడ పట్టుకుని దారికి అడ్డంగా నిలబడింది. మోకాళ్ళ నొప్పులకు మెట్లెక్కడమే మానేసిన మనిషి.

"తప్పుకోండి అత్తయ్యా. పది నిమిషాలు."

"ఆ మూడు గదుల్లో ఉన్నవాళ్ళు దగ్గే దగ్గు, ఆ పది నిమిషాలూ ఎక్కడికి వస్తుంది?"

కోడలు వెనక్కి తిరిగి చూసింది. వరండాలో మంచాల మీద మనుషులు లేచి కూర్చుని ఇటే చూస్తున్నారు. ఎవరో ఒకామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"వాళ్ళందరినీ వేరే వార్డుకు మార్పించి చేస్తాను."

"మార్చడానికి చోటుందా? అడుగు ఆయన్ని."

సూపరింటెండెంటు కిటికీ బయట వాన చూస్తున్నాడు.

"చెయ్యనిదానికి నేను బలి అవుతున్నానని అనుకుంటున్నావు నువ్వు. చేసినదానికే అవుతున్నాను," అంది అత్తగారు. చాలా మామూలుగా, ఇంట్లో ఏదో పని అప్పగిస్తున్నట్టు అంది. "ఇప్పుడు ఆ గాలి లోపలికి పోతోంది. నన్ను బయటపడేయడానికి దాన్ని మళ్ళీ ఈ వరండాలోకి వదులుతావా అమ్మాయ్?"

తాళంచెవి చల్లగా, తడిగా ఉంది. కోడలు దాన్ని పిడికిట్లో బిగించి, అత్తగారి భుజం పక్కనుంచి పైకి చూసింది. పన్నెండు మెట్లు, ఆపైన రేకు తలుపు. వెనుకనుంచి ఫిట్టర్ ఊపిరి వినపడుతోంది, ఏదో చెప్పబోయి ఆగిన మనిషి ఊపిరిలా. అత్తగారు కమ్మీ వదల్లేదు. కోడలు మెట్టు మీద కాలు పెట్టింది.